ఉండ కట్టని చిక్కదనం

ఇంట్లో చేసుకునే ముఖం జెల్ నునుపుగా రావాలంటే ఏ పొడి కొనాలన్న ప్రశ్న కన్నా, ఏది ముందు ఏది వెనక అన్న వరస ముఖ్యం. ఉద్దానం ప్రాంతపు వంటింటికి ఆ వరస ఎప్పుడో తెలుసు.

చోడిపిండిని పొడిపొడిగా తీసుకెళ్లి మరిగే ఎసట్లో పోసే ఇల్లాలు ఉద్దానంలో కనిపించదు. ముందు గిన్నెలో చన్నీళ్లు పోసి పిండిని జారుగా కలుపుకుంటుంది. ఆ తర్వాతే ఒక చేత్తో ఎసట్లోకి వంపుతూ రెండో చేత్తో తెడ్డు తిప్పుతుంది. అలా చెయ్యకపోతే అంబలి ఉండలు కడుతుందనీ, ఉండ చిదిమితే లోపల పచ్చిపిండి అలాగే ఉంటుందనీ ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. అదే ఇంట్లో కూతురు ఫోన్లో వీడియో చూసి, గ్లాసుడు నీళ్ల మీద జాంతన్ గమ్ పొడి చల్లి, చెంచాతో గిరగిరా తిప్పి, పైన తేలిన తెల్లటి ముద్దల్ని చూసి ‘ఈ పొడి మంచిది కాదు’ అని పక్కన పడేస్తుంది. పొడి మంచిదే. వంటింట్లో ఉన్న వరస అద్దం ముందుకి రాలేదు, అంతే.

కంచిలి మండలం జలంత్రకోట జాతీయ రహదారి మీద ఉన్న ఊరు. ఇటు సోంపేట, అటు ఇచ్ఛాపురం, కిందికి దిగితే పలాస, టెక్కలి. ఒకప్పుడు సున్నిపిండి, కొబ్బరినూనె దాటని ఇళ్లకు ఇప్పుడు కొరియర్ బండి నియాసినమైడ్, హయలురానిక్ యాసిడ్ పొట్లాలు తెచ్చి ఇస్తోంది. పెరట్లో కలబంద ఉంది, మందుల షాపులో గ్లిజరిన్ ఉంది, ఫోన్లో వంద వీడియోలున్నాయి. సీసాలో అమ్మే సీరం ధర చూసి, ఇంట్లోనే చేసుకుందామనుకునే వాళ్లు పెరిగారు. అది తప్పేమీ కాదు. కాకపోతే నూటికి తొంభై వీడియోలు ఏం కలపాలో చెప్పి, ఎలా కలపాలో ఒక్క ముక్కలో దాటేస్తాయి. ‘బాగా కలపండి’ అంటాయి. చిక్కంతా ఆ మాటలోనే ఉంది.

ముద్ద ఎందుకు కడుతుంది?

జిగురు పొడి రేణువుకి నీరంటే మహా ఆత్రం. తడి తగలగానే దాని పై పొర ఉబ్బి జిగట అవుతుంది. ఆ జిగట పక్క రేణువును పట్టుకుంటుంది, అది ఇంకోదాన్ని. కన్ను మూసి తెరిచేలోగా అవన్నీ కలిసి ఒక ముద్దవుతాయి. ముద్ద చుట్టూ నీటిని చొరనివ్వని తొడుగు, లోపల ఎండు పొడి. సౌందర్య సాధనాలు తయారుచేసే వాళ్లు ఈ పారదర్శకమైన గుండ్రటి ఉండల్ని చేపకళ్లంటారు. ఇవి ఒకసారి కట్టాక ఎంతసేపు తిప్పినా మొండికేస్తాయి. రాత్రంతా ఉంచితే కొన్ని కరుగుతాయి, కొన్ని మిగులుతాయి. గుడ్డలో వడకడితే నునుపు వస్తుంది గానీ, జెల్లో ఉండాల్సిన జిగురు గుడ్డలో మిగిలిపోతుంది కనుక అనుకున్న చిక్కదనం రాదు. మరికాస్త పొడి చల్లుతారు. మళ్లీ ఉండలు.

దీనికి విరుగుడు ఒక్కటే సూత్రం. నీరు తగిలేలోపే రేణువుల్ని ఒకదానికొకటి దూరం చెయ్యాలి. కర్మాగారాల్లో ఆ పని మోటారు చేస్తుంది. నీటిని సుడిలా తిప్పుతూ ఆ సుడి అంచు మీద పొడిని జల్లెడతో దులుపుతారు. ఇంట్లో అంత హడావుడి అక్కర్లేదు. జిగురు పొడి గ్లిజరిన్‌లో ఉబ్బదు. దాని బరువుకి ఏడెనిమిది రెట్ల గ్లిజరిన్‌లో కలిపితే ఉండలేని జారుముద్ద వస్తుంది. ప్రతి రేణువు చుట్టూ గ్లిజరిన్ పూత ఉంటుంది. దాన్ని నీటిలోకి ధారగా వంపితే గ్లిజరిన్ నీటిలో కలిసిపోతుంది, రేణువులు విడివిడిగా నీటికి దొరుకుతాయి, ఒక్కొక్కటీ తన చోట తాను ఉబ్బుతుంది. అంబలికి చన్నీళ్లు చేసిన పనే ఇది. చన్నీటిలో చోడిపిండి ఉబ్బదు కనుక అక్కడ చన్నీళ్లు సరిపోయాయి. జాంతన్ చన్నీటిలోనూ ఉబ్బుతుంది కనుక ఇక్కడ గ్లిజరిన్ కావాలి.

ఇంతకు మించి రహస్యమేమీ లేదు గానీ, ఒక జాగ్రత్త ఉంది. గిన్నె, చెంచా పూర్తిగా ఆరి ఉండాలి. కడిగి తుడిచిన చెంచా మీద మిగిలిన నీటి చుక్క చాలు, మొదటి ఉండ అక్కడే పుడుతుంది. మన సముద్రపు గాలిలో తెరిచి ఉంచిన పొట్లం కూడా తేమ పీల్చి గడ్డ కడుతుంది. పొడిని బిగుతు మూత ఉన్న డబ్బాలో పెట్టుకోవాలి.

తూకం, కొలత

వంద గ్రాముల జెల్‌కి జాంతన్ గమ్ ఎంత? 0.2 నుంచి 0.3 గ్రాములు వేస్తే చుక్కలుగా జారే సీరం. 0.5 నుంచి 0.6 వేస్తే వేలితో తీసుకునే మెత్తటి జెల్. ఒక గ్రాము వేస్తే సీసా తలకిందులు చేసినా దిగనంత చిక్కన. అది దాటితే ముఖానికి రాసుకునేది కాదు, కాగితాలు అంటించుకోవచ్చు. వీడియోల్లో ‘ఒక టీస్పూను’ అంటారే, ఒక టీస్పూను జాంతన్ రెండున్నర, మూడు గ్రాముల దాకా తూగుతుంది. గ్లాసుడు నీళ్లకి అంత వేసి, జెల్ చీమిడిలా సాగుతోందని బాధపడితే తప్పు పొడిది కాదు. నగల షాపుల్లో చూసేలాంటి, 0.01 గ్రాము దాకా తూచే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే వస్తోంది. ఇంట్లో జెల్ చేసుకునే వాళ్లు ముందు కొనాల్సింది అది. సీరంలో వేసే ఖరీదైన పొడులు తర్వాత.

మొదటిసారి చేసేవాళ్లకి ఒక లెక్క చెబుతాను. డిస్టిల్డ్ వాటర్ 73.4 గ్రాములు, పన్నీరు 20, గ్లిజరిన్ 5, జాంతన్ 0.6, నిల్వ కోసం ఫినాక్సీఇథనాల్ కలిసిన ప్రిజర్వేటివ్ 1. మొత్తం వంద. ముందు గ్లిజరిన్‌లో జాంతన్‌ని తిప్పి నునుపు చెయ్యాలి. ఆలస్యం చేస్తే పొడి అడుక్కి దిగుతుంది, కనుక వెంటనే నీరూ పన్నీరూ కలిపిన గిన్నెలోకి సన్నటి ధారగా వంపుతూ మజ్జిగ చిలికే చిన్న కవ్వంతో తిప్పాలి. రెండు మూడు నిమిషాలు చాలు. అప్పటికి అది నీళ్లగానే కనిపిస్తుంది. ఇక్కడే చాలామంది కంగారుపడి ఇంకాస్త పొడి వేస్తారు. వెయ్యకండి. మూతపెట్టి అరగంట వదిలేసి వచ్చి చూస్తే చిక్కబడి ఉంటుంది. ప్రిజర్వేటివ్ అప్పుడు కలిపి మరోసారి తిప్పి, రాత్రంతా మూత కిందే ఉంచాలి. బుడగలు చాలావరకు తెల్లారేసరికి పైకి వచ్చి పగిలిపోతాయి.

చాలావరకు అనడానికి కారణముంది. జాంతన్ జెల్ కదలనప్పుడు గట్టిగా, కదిపితే పలచగా ఉండే రకం. వేలితో రాస్తుంటే జారిపోతుంది, ఆపితే మళ్లీ నిలబడుతుంది. రాసుకోవడానికి ఈ గుణం హాయిగా ఉంటుంది గానీ, కదలని జెల్లో ఇరుక్కున్న చిన్న బుడగ పైకి రాలేదు. అందుకే మిక్సీలో గిర్రున తిప్పితే నురగతో పాలలా తెల్లబడి రోజులు గడిచినా తేరదు. హ్యాండ్ బ్లెండర్ వాడేవాళ్లు దాని తల పూర్తిగా మునిగేలా ఉంచి, పైకీ కిందికీ ఎత్తకుండా తిప్పాలి. వంటకి వాడే జాంతన్‌తో చేసిన జెల్ కాస్త మబ్బుగానే ఉంటుంది. అద్దంలా కావాలంటే ‘క్లియర్’ రకమని విడిగా అమ్ముతారు. మబ్బు జెల్ చర్మానికి చేసే చెరుపేమీ లేదు, అది కంటికి సంబంధించిన గొడవ.

చేలోని జిగురు, చెట్టు జిగురు

ఈ జాంతన్ ఎక్కడిదో తెలిస్తే టెక్కలి వరి రైతు నవ్వుకుంటాడు. వరికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు తగిలినప్పుడు పొద్దున్నే ఆకు అంచున పసుపు రంగు జిగట బొట్లు కనిపిస్తాయి. ఆ తెగులు తెచ్చేది జాంతోమోనాస్ అనే బ్యాక్టీరియా. దాని దగ్గరి చుట్టమే క్యాబేజీకి నల్లకుళ్లు తెచ్చేది, జాంతోమోనాస్ కాంపెస్ట్రిస్. దాన్ని చక్కెర నీటిలో పెంచితే తన చుట్టూ అది కట్టుకునే జిగటే జాంతన్ గమ్. అమెరికా వ్యవసాయ శాఖకు పియోరియాలో ఉన్న ప్రయోగశాలలో ఆలిన్ జీన్స్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం దీన్ని వెలికితీసింది. 1969లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ తినే పదార్థాల్లో వాడకానికి అనుమతి ఇచ్చింది. ఐస్‌క్రీములోకి, సాసులోకి, టూత్‌పేస్టులోకి, ఇప్పుడు మన సీరంలోకి. పంటను ఎండగట్టే జీవి జిగురు ముఖానికి తేమ పట్టి ఉంచుతోంది.

రెండో జిగురు మరీ ఇంటిది. గోరుచిక్కుడు గింజ పప్పును పొడి చేస్తే గువార్ గమ్. మనం లేత కాయ కూర వండుకుంటే రాజస్థాన్ రైతు కాయ ముదరనిచ్చి గింజ తీస్తాడు. ప్రపంచానికి గువార్ ఎక్కువగా పంపేది మన దేశమే. అమెరికాలో రాతి పొరల్ని పగలగొట్టి చమురు తీసే పద్ధతికి ఈ జిగురు కావలసి వచ్చి 2011-12లో ధర ఆకాశానికి లేచింది. 2012 మార్చిలో దీని ఫ్యూచర్స్ వ్యాపారాన్నే నిలిపేశారు. చమురు బావిలోకి పంపే నీటిని చిక్కబరిచిన పదార్థమే లోషన్‌నీ చిక్కబరుస్తుంది. గువార్ జెల్ జాంతన్ అంత సాగదు, కాస్త మబ్బుగా ఉంటుంది, చిక్కుడు వాసన లీలగా తగులుతుంది. ఈ రెండింటినీ సగం సగం కలిపితే విడివిడిగా ఇచ్చిన దానికన్నా ఎక్కువ చిక్కదనం ఇస్తాయి, అంటే మొత్తం పొడి తగ్గించుకోవచ్చు. నా ఓటు ఈ జోడీకే. రాసుకున్నాక ముఖం బిగిసినట్టుండే బాధ తగ్గుతుంది.

మెంతుల జిగట కూడా గువార్ కుటుంబానిదే. తాటిముంజలో, లేత కొబ్బరిలో ఉన్న ఆ జారుడు పదార్థం కూడా దాదాపు అదే కోవది. కాబట్టి నానబెట్టిన మెంతులు తలకు పట్టించిన అవ్వ, ప్రయోగశాల లేకుండానే గెలాక్టోమన్నాన్ అనే ఈ కోవ జిగురును వాడింది. మందారాకు పిసికినా, బెండకాయ ఉడికించినా వచ్చేది ఇలాంటి జిగురులే. తలకు పట్టించి కడిగేసుకునే వాటికి ఇవి చక్కగా సరిపోతాయి. సీసాలో నిలవ పెట్టుకునే వాటికి కాదు.

పాలకొండ, సీతంపేట వైపు కొండలకు వెళితే తపసి చెట్టు కనిపిస్తుంది. దాని బంక కరాయా గమ్ పేరుతో విదేశాలకు వెళుతుంది. విశాఖపట్నం కేంద్రంగా 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ అడవి బిడ్డల దగ్గర కొనే సరుకుల్లో ఇదొకటి. పళ్ల సెట్లు చిగుళ్లకు అంటించే పొడిలో, విరేచనం మందుల్లో దీన్ని వాడతారు. పాత రోజుల్లో బంక కోసం కాండాన్ని లోతుగా నరికి చెట్లను చంపుకున్నారు. తర్వాత తక్కువ గాటుతో బంక తీసే పద్ధతుల మీద శిక్షణ వచ్చింది. ఇంత దగ్గర దొరికే జిగురు కదా అని ముఖానికి వాడదామనిపిస్తుంది. కానీ కరాయా నీటిలో కరగదు, ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఎంత మెత్తగా దంచినా నీటిలో నూకలా తగులుతూనే ఉంటుంది. పైగా తేమలో నిలవ ఉంటే వెనిగర్ వాసన కొడుతుంది. దాని బలం వేరే చోట ఉంది, ముఖం జెల్లో కాదు.

పలాస జీడిచెట్టుకి దూరం

ఇక జీడి. ఈ ప్రాంతం గురించి రాస్తూ జీడిని వదలడం కుదరదు, ముఖ్యంగా ఇక్కడ వదలకూడదు. జీడిచెట్టు బెరడు నుంచి కూడా తేనెరంగు బంక కారుతుంది. వేరు, కాండం తొలిచే పురుగు పట్టినప్పుడు మొదలు దగ్గర పొట్టుతో కలిసి కారే ఆ బంకను ఉద్దానం రైతు రోగ లక్షణంగా గుర్తుపడతాడు. ఆ చెట్టు బంక తుమ్మబంకకు ప్రత్యామ్నాయం కాగలదా అని ముఖ్యంగా బ్రెజిల్‌లో చాలా పరిశోధన జరిగింది. మందుల్లో, క్రీముల్లో పనికొస్తుందని చెప్పే పత్రాలు ఉన్నాయి.

అది చదివి తోటలోకి వెళ్లి బంక గీక్కొచ్చుకునే వాళ్లకి ఒక మాట. ప్రయోగశాలలో ఆ బంకను నీటిలో కరిగించి, వడకట్టి, ఆల్కహాల్‌తో వేరుచేసి శుద్ధి చేస్తారు. గీక్కొచ్చిన ముక్కలో బెరడూ ఉంటుంది, బెరడులో జీడిరసం కుటుంబపు ఆమ్లాలూ ఉంటాయి. పలాస-కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లో గింజ కొట్టే మహిళల చేతులు చూసిన వాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు. పెంకు నూనెలోని అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ చర్మాన్ని నల్లబరిచి, పొక్కులు లేపుతాయి. చాకళ్లు బట్టల మీద చెరగని గుర్తు పెట్టే నల్లజీడిదీ ఈ కుటుంబమే. మామిడికాయ తొడిమ విరిచినప్పుడు కారే సొన పెదవి మూల కాల్చడమూ దానివల్లే. ఎన్నో ఏళ్లుగా జీడి పనిలో ఉన్న వాళ్లకి ఈ కుటుంబపు రసాయనాలంటే చర్మం ముందే అలిగి ఉంటుంది. వాళ్ల ఇళ్లల్లో అయినా ఎవరి ఇంట్లో అయినా, పెరటి బంక ముఖానికి వద్దు. సహజం అన్న ఒక్క మాటతో ఏదీ చర్మానికి మిత్రమైపోదు.

పెరట్లో కలబంద

అందరూ మొదట చేసేది కలబంద జెల్. అందరికీ మొదట విరక్తి పుట్టించేదీ అదే. ఆకు కోసి గుజ్జు తీసి మిక్సీ వేస్తే పైన నురగ, కింద నీళ్లు. షాపులో కొన్న ఆకుపచ్చ జెల్ మాత్రం గిన్నెలో పోసిన రూపంలో నిలబడి ఉంటుంది. ఆ నిలబడటం కలబంద గొప్ప కాదు, దానిలో కలిపిన చిక్కబరిచే పదార్థానిది. కలబంద గుజ్జులో జిగట ఉంది, కానీ ఆకు కోసిన క్షణం నుంచి దానిలోని ఎంజైములే ఆ జిగటను ముక్కలు చేస్తుంటాయి. పొద్దున సాగిన గుజ్జు సాయంత్రానికి నీరవుతుంది. అది ఎవరి చేతి తప్పూ కాదు.

చేసే పద్ధతి ఇలా. ఆకు కోసి, కోసిన వైపు కిందికి ఉండేలా గ్లాసులో నిలబెట్టాలి. అరగంటలో పసుపు సొన కారిపోతుంది, దురద పుట్టించేది అదే. కడిగి, పై చర్మం తీసి, గుజ్జును కొద్దిసేపే తిప్పి, పలచటి గుడ్డలో వడకట్టాలి. దానికి వంద గ్రాములకి 0.4 గ్రాముల జాంతన్‌ని ఐదు గ్రాముల గ్లిజరిన్‌లో కలిపి వంపాలి. ఫ్రిజ్‌లో పెట్టి, వారం లోపు వాడెయ్యాలి.

జాంతనే ఎందుకు, షాపు జెల్లో వాడే కార్బోమర్ ఎందుకు కాదు అని అడగొచ్చు. కార్బోమర్ 1950ల చివర బజారుకొచ్చిన అమెరికా పొడి, గాజులాంటి జెల్ ఇస్తుంది. 2020లో కరోనా రాగానే ప్రపంచమంతా శానిటైజర్ జెల్ చేయబోయి దాన్ని ఊడ్చేసింది. కొంతకాలం దొరకడమే కష్టమైంది. దానితో పనిచెయ్యడం ఒక తంతు. నీటి మీద చల్లి నానబెట్టాలి, అప్పుడు అది పలచగా, పుల్లగా ఉంటుంది. క్షారం చుక్కలుగా కలిపితేనే ఒక్కసారిగా బిగుస్తుంది. ఉప్పు తగిలితే మళ్లీ విడిపోతుంది. వేసవిలో చెమట ముఖానికి కార్బోమర్ జెల్ రాయగానే నీళ్లలా కరిగి చల్లగా తగిలే సుఖం ఆ విడిపోవడమే. కలబంద రసంలో లవణాలు ఎక్కువ, అందుకే ఇంట్లో ఈ రెండూ కలిపితే చేతికి నీళ్లే మిగులుతాయి. పుల్లటి విటమిన్ సి సీరంలోనూ కార్బోమర్ నిలవదు. ఉప్పును, పులుపును ఓర్చుకునేది జాంతన్. మొదటి ఏడాది దానితో సరిపెట్టుకోవడం మేలు.

హయలురానిక్ యాసిడ్ సంగతీ ఇక్కడే చెప్పాలి. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటిగుడ్డు లోపలి జెల్లీ నుంచి దీన్ని వేరుచేశారు. ఇప్పుడు బ్యాక్టీరియాతో తయారుచేస్తారు. ఒక శాతం వేస్తేనే నీరు సిరప్‌లా అవుతుంది. దీన్ని తిప్పి కరిగించాలని చూడకండి. గ్లిజరిన్‌లో కలిపి నీటిలోకి వంచి, ఫ్రిజ్‌లో రాత్రంతా వదిలెయ్యండి. పొద్దుటికి అదే కరిగి ఉంటుంది.

అవిసె గింజలకి మాత్రం పొయ్యి కావాలి. పావు కప్పు గింజలు, రెండు కప్పుల నీళ్లు, సన్నటి సెగ మీద ఏడెనిమిది నిమిషాలు. చెంచా ఎత్తితే తీగలా సాగడం మొదలవగానే దించి, వేడిగా ఉన్నప్పుడే వడకట్టాలి. చల్లారాక వడకడదామనుకుంటే గుడ్డ పిండలేక చేతులు నొప్పెడతాయి. చల్లారితే అది ఇంకా చిక్కబడుతుంది, కనుక పొయ్యి మీద కాస్త పలచగా ఉన్నప్పుడే ఆపాలి. గంజి కూడా వేడి మీదే చిక్కబడుతుంది. కానీ నిలవ ఉంచితే నీరు విడుస్తుంది, మరునాటికి పనికిరాదు. అగర్ అగర్ వాడే వాళ్లున్నారు. అది గడ్డకట్టే రకం, రాస్తే పగిలి పలుకులవుతుంది.

నీళ్ల మాట

ఉద్దానంలో నీళ్ల గురించి మాట తూలకూడదు. కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని తినేసిందో, దాని అసలు కారణం మీద ఎన్నేళ్లుగా వెతుకులాట సాగుతోందో ఇక్కడివాళ్లకి తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనాసుపత్రి ప్రారంభమైంది, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం వచ్చింది. జెల్ సంగతికొస్తే, విషయం చాలా చిన్నది. బోరు నీటిలోని లవణాలు కొన్ని జిగురుల్ని పలచబరుస్తాయి, దానిలోని సూక్ష్మజీవులు జెల్‌ని తింటాయి. క్యాన్ నీళ్లు తాగడానికి కొంటున్నవే, అవి సూక్ష్మజీవులు లేని నీళ్లు కావు. పెట్రోలు బంకులో దొరికే బ్యాటరీ నీళ్లు శుభ్రత లెక్కతో నింపినవి కావు. ప్రయోగశాల సామాన్లమ్మే చోట డిస్టిల్డ్ వాటర్ కొనడం మంచిది. అది దొరక్కపోతే నీళ్లు పదినిమిషాలు మరిగించి, మూత కింద చల్లార్చి, ఆ రోజు చేసుకున్నది ఫ్రిజ్‌లో పెట్టి కొద్ది రోజుల్లో ముగించాలి.

సువాసన కోసం పన్నీరు బదులు మొగలి నీరు బాగుంటుంది. ఇచ్ఛాపురం దాటగానే మొదలయ్యే గంజాం జిల్లా మొగలి పూల అత్తరుకు దేశంలో పేరున్న చోటు, భౌగోళిక గుర్తింపు కూడా పొందింది. మగ పూలను రాగి పాత్రల్లో నీళ్లతో కాచి ఆవిరి పడతారు. అలా తీసిన నీరైతే సరే. బిర్యానీలో వేసే కేవడా ఎసెన్స్ మాత్రం ముఖానికి పనికిరాదు.

పలచబడితే, సాగితే, రాలితే

జెల్ పలచగా వచ్చిందా? పైన పొడి చల్లకండి. కొత్తగా చిటికెడు జాంతన్‌ని గ్లిజరిన్‌లో కలిపి ఆ ముద్దను వంపండి. మరీ గట్టిగా వచ్చిందా? ప్రిజర్వేటివ్ కలిపిన నీళ్లతోనే పలచన చెయ్యాలి. ఉత్త నీళ్లు పోస్తే నిల్వకి వేసిన మందు మోతాదు పడిపోతుంది. ముఖానికి రాశాక చిన్న చిన్న నూలుపోగుల్లా రాలుతోందా? జిగురు ఎక్కువైంది, లేదా కింద రాసిన క్రీము ఆరకముందే పైన రాశారు. తీగలు తీగలుగా విడిపోయిందా? జుట్టు కండిషనర్లలో వాడే ధనావేశ పదార్థమేదో కలిపి ఉంటారు, జాంతన్‌కి దానితో పొత్తు కుదరదు. నిమ్మరసం, వంటసోడా లాంటివి ఏ జెల్లోనూ వెయ్యొద్దు. మొదట చేతి మడత దగ్గర రాసి ఒక రోజు చూసి, ఆ తర్వాతే ముఖం.

వరస ఒక్కసారి చెప్పాలంటే, ముందు జిగురు పూర్తిగా నానాలి, తర్వాతే లవణాలు, ఆమ్లాలు, నియాసినమైడ్ లాంటివి. చివర ప్రిజర్వేటివ్. ఆమ్లత 5 దగ్గర ఉందో లేదో పీహెచ్ కాగితంతో చూసుకుంటే చాలు. సోడియం బెంజోయేట్ లాంటివి అంతకు పైన సరిగా పనిచెయ్యవు. విటమిన్ ఈ గుళిక చిదిమి వేస్తే జెల్ నిలవ ఉంటుందన్నది వీడియోల అబద్ధం. అది నూనె కమరు వాసన రాకుండా ఆపుతుంది, బ్యాక్టీరియాను ఆపదు. మన కోస్తా ఎండలో జెల్ అంటే నీళ్లూ, చక్కెర గొలుసులూ, వెచ్చదనమూ. సూక్ష్మజీవికి అంతకన్నా పెళ్లిభోజనం ఉండదు.

ఇన్ని చదివాక బాగా కుదిరిన జెల్‌ని పక్కింటి వదినకు ఇవ్వాలనిపిస్తుంది. తర్వాత పొదుపు సంఘం ద్వారా అమ్మాలనిపిస్తుంది. ఇవ్వడం వేరు, అమ్మడం వేరు. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం కింద వచ్చిన 2020 సౌందర్య సాధనాల నియమాల ప్రకారం అమ్మకానికి తయారుచెయ్యాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల లైసెన్సు ఉండాలి. నిర్ణీత స్థలం, అర్హత ఉన్న సాంకేతిక సిబ్బంది, సీసా మీద బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, పదార్థాల జాబితా, గడువు తేదీ ఉండాలి. డ్వాక్రా సంఘాలకి ఇది భారమే. సంఘాలు కలిసి ఒకే లైసెన్సు ఉన్న యూనిట్‌లో తయారు చేయించుకోవడం దారి. ఇంటి వాడకానికి చేసుకున్న సీసా మీదైనా చేసిన తేదీ రాసి అంటించండి. నిన్నటి దాకా నిలబడిన జెల్ ఈరోజు కారణం లేకుండా పలచబడితే వాసన చూసి తేల్చుకునే ప్రయత్నం చెయ్యొద్దు. వాసన రాకముందే సూక్ష్మజీవులు జిగురు గొలుసుల్ని తెంపడం మొదలుపెడతాయి. అది పారబోసి, సీసాను సబ్బునీళ్లతో కడిగి, మరుగు నీళ్లలో ఉడికించి, ఎండలో ఆరబెట్టాకే మళ్లీ నింపాలి.